ఆదివాసీల కథను పాఠంలోకి తేవడం ఎలా: ఊరికి వెళ్ళి అడగడం నుంచి మార్కులు వేసేదాకా

మీరు వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు గానీ, పైన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గానీ బడిలో పాఠం చెప్తుంటే ఇది మీకోసమే రాస్తున్నాను. నేను సోషల్ చెప్తాను, ఎక్కువ ఏళ్ళు ములుగు వైపే చెప్పాను. ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తుంది, ఆ రోజు కొమురం భీం ఫొటోకు దండ వేస్తాం, ఒక డాన్స్ పెడతాం, ఎవరో ఒకరు పది నిమిషాలు మాట్లాడతారు, మర్నాడు మళ్ళీ పుస్తకం తెరుస్తాం. ఆ ఒక్కరోజుతోనే సరిపెడితే పిల్లల మనసులో పడేది ఏంటంటే వీళ్ళకు ఆటపాట ఉంది గానీ చరిత్ర లేదు అని. అందుకే నేను చెప్పేది పండుగ రోజు సంగతి కాదు, మామూలు మంగళవారం మూడో పీరియడ్‌లో, సిలబస్‌లో ఉన్న పాఠంలోనే ఈ కథ ఎలా తేవాలి అనేది.

నేను చేసిన తప్పు ముందే చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. చాలా ఏళ్ళ కిందట ఒక బడిలో వార్షికోత్సవానికి "ఆదివాసీ నృత్యం" అని పెట్టి పిల్లలకు నడుముకు ఆకులు కట్టించి, మొహాలకు రంగు పూయించి, చేతికి విల్లు బాణాలిచ్చి స్టేజీ ఎక్కించాను. చప్పట్లు బాగా పడ్డాయి. అయిపోయాక మా తరగతిలో ఒక కోయ పిల్లవాడి తాత, తెల్ల పంచె మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినాయన, నా పక్కన నిలబడి మెల్లగా అడిగాడు. "సారూ, మా ఇండ్లల్ల ఎవరన్న గట్ల ఆకులు కట్టుకున్నది మీరు సూసిన్రా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆయన మనవడు ఆ డాన్స్‌లో లేడు, ఎందుకు చేరలేదో నేను అప్పటిదాకా అడగనైనా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత అడిగి అడిగి నేర్చుకున్నదే కింద రాస్తున్నాను.

ముందు అటెండెన్స్ రిజిస్టర్ తీయండి

రిజిస్టర్‌లో ఎస్టీ అని రెండక్షరాలు ఉంటాయి, వాటి వెనక ఎవరెవరు ఉన్నారో మనం చూడం. తాడ్వాయి, ఏటూరునాగారం వైపైతే కోయలు, నాయకపోడులు, లంబాడీలు ఉంటారు. ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి వైపైతే గోండులు, కోలాములు, పర్ధాన్లు, తోటీలు. గోండి, కోయ చాలా దగ్గర భాషలు, కోలామీ వేరు, లంబాడీ అసలు ద్రావిడ భాషే కాదు. గోండుల వంశకథలు పాడేది పర్ధాన్లు, తోటీలు. కోయల వంశకథలు చెప్పేది డోలీలు. కాబట్టి "గిరిజనుల కథ" అని ఒక మూట ఎక్కడా దొరకదు, మీ తరగతిలో ఎవరున్నారో చూసుకుని వాళ్ళ కథే వెతకాలి. ఇంకో సంగతి, ఆదివాసీలకూ లంబాడీలకూ మధ్య పెద్దల స్థాయిలో పంచాయితీలు నడుస్తున్న ప్రాంతం మనది, అదే బెంచీ మీద రెండు వైపుల పిల్లలూ కూర్చుంటారు. ఒకరి కథ చెప్తే రెండోవాళ్ళను తక్కువ చేసినట్టు కాకుండా, వచ్చే నెల మీ తండా కథ వింటాం అని అదే రోజు చెప్పేయండి, చెప్పినట్టు చేయండి కూడా.

ఇంటిపేర్లు చదవండి. మెస్రం, ఆత్రం, పెందూర్, కుమ్ర, సోడి, మడకం, ఈసం, పూనెం, ఇవి ఊరికే ఇంటిపేర్లు కావు. గోండుల్లో నలుగురు దేవతలవాళ్ళు, ఐదుగురు దేవతలవాళ్ళు, ఆరుగురు, ఏడుగురు అని వంశాలు ఉంటాయి, ఒకే సంఖ్యవాళ్ళు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. కోయల్లో దీన్నే గట్టు అంటారు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతరలో గోదావరి నీళ్ళు మోసుకొచ్చేది మెస్రం వంశంవాళ్ళే. అంటే మీరు రోజూ పొద్దున పిలిచే ప్రతి పేరు వెనకా ఒక వేల్పు, ఒక దారి, ఒక కథ ఉన్నాయి.

అయితే తెలిసింది కదా అని ఆ పిల్లవాణ్ణి లేపి "మీ వాళ్ళు ఏం చేస్తారో చెప్పరా" అనొద్దు. పన్నెండేళ్ళ పిల్లకు తన తెగ మొత్తం తరఫున మాట్లాడమంటే ఎంత టెన్షనో ఆలోచించండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, లేకపోతే పెద్దవాళ్ళనే అడుగుదాం.

ఒక్క పాఠం, ఒక్క కథ

సంవత్సరం మొత్తం మార్చేస్తానని కూర్చుంటే జులైకే అలసిపోతారు. ఒక్క పాఠం పట్టుకోండి. మన వరంగల్ వైపు ఉన్నవాళ్ళకు దానికి కాకతీయుల పాఠాన్ని మించింది లేదు. ఏడో తరగతిలో మనమే గర్వంగా చెప్తాం, ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, పాకాల, రామప్ప చెరువులు అని. అదే కాకతీయ రాజుతో యుద్ధం చేసిన తల్లీబిడ్డలు సమ్మక్క, సారలమ్మల మేడారం జాతరకు రెండేళ్ళకోసారి బడికి సెలవిచ్చి మరీ వెళ్తాం. ఈ రెండూ ఒకే చరిత్ర అని మాత్రం పిల్లలకు చెప్పం. పుస్తకం సంచిలో ఉంటుంది, జాతర మనసులో ఉంటుంది, రెండూ ఎక్కడా కలవవు. అక్కడ కలపడమే మీ పని.

కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి చెప్తాను. అడవిలో పులుల మధ్య దొరికిన ఆడపిల్లను కోయ దొర పెంచుకున్నాడు, ఆమే సమ్మక్క. మేడారం పాలించే పగిడిద్దరాజును పెళ్ళాడింది, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పిల్లలు. కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు, ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. జంపన్న వాగులో పడి ప్రాణం వదిలాడు, ఆ వాగు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయింది, వెతికినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

ఇది ఒక తీరు. ఇంకో ఊరిలో ఇంకో తీరుగా చెప్తారు. సమ్మక్క పుట్టిల్లు తమదే అని తాడ్వాయి మండలం బయ్యక్కపేటవాళ్ళు చెప్తారు, జాతరకు పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు, గోవిందరాజు అనే ఇంకో వేల్పు కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి. ఏది కరెక్టో తేల్చేయాలని మనకు, టీచర్లకు, చేతులు దురద పెడతాయి. తేల్చొద్దు. ఎవరు చెప్పారు, ఏ ఊరివాళ్ళు చెప్పారు అని పేరుతో సహా రాసుకుని రెండూ బోర్డు మీద పెట్టండి. ఒక ఊరు తన కథను ఎందుకు అలా దాచుకుందో అడగడం చరిత్ర పాఠమే.

ఆదిలాబాద్ వైపు ఉంటే మీ పాఠం కొమురం భీం అవుతుంది, జోడేఘాట్, 1940, జల్ జంగల్ జమీన్ (నీళ్ళు, అడవి, భూమి). పుస్తకంలో ఒక పేరాలో అయిపోతుంది. ఆయన పోరాటం ఏ అధికారి మీద, ఏ చట్టం మీద, పోడు ఎందుకు ఆపారు, పశువుల మేతకు పన్ను ఎందుకు అడిగారు అని ఆ ఊళ్ళలోనే అడిగితే పది పేజీలు వస్తాయి.

ఊరికి వెళ్ళి అడగండి

ఫోన్‌లో చూసి చెప్పేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఈ కథలకు యజమానులున్నారు, బతికున్నారు, మీ బడికి పది కిలోమీటర్ల లోపలే ఉండొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలో ముందు చూసుకోండి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ తెల్లారకముందే చెట్ల కింద ఉంటారు, తునికాకు సీజన్లో అసలు దొరకరు, పత్తి ఏరే రోజుల్లో పగలు కుదరదు, అంగడి రోజు వెళ్ళొద్దు. మేడారం జాతర ముందు గుడిమెలిగె, మండమెలిగె పండుగల వారాల్లో పూజారులను కదిలించొద్దు. ఆదివారం సాయంత్రం, పనులు కాస్త తగ్గాక, మీ క్లాసు పిల్లవాడి ఇంటికే ముందు వెళ్ళండి. వాళ్ళ అమ్మో నాన్నో మిమ్మల్ని ఊరి పెద్ద దగ్గరికి తీసుకెళ్తారు. కోయ ఊరైతే వడ్డె (పూజారి), గోండు గూడెమైతే పటేల్ (ఊరి పెద్ద), దేవారి (పూజారి), వీళ్ళతో మాట్లాడకుండా నేరుగా ఎవరినో పట్టుకుని కథ చెప్పించుకోవడం మర్యాద కాదు. చేతిలో నాలుగు పండ్లు పట్టుకెళ్ళండి, నోటుపుస్తకం మొదటి రోజు తీయకండి.

మొదటిసారి కథ అడగనే అడగొద్దు. "తాతా, మా పిల్లలకు మేడారం గురించి పాఠం చెప్పాలనుకుంటున్నా, తప్పులు చెప్పకూడదని వచ్చిన, ఎట్ల చెప్పమంటరు, ఏది చెప్పొద్దంటరు" అని అడగండి. ఏది చెప్పొద్దంటరు అన్న ప్రశ్న చాలా ముఖ్యం. చిలకలగుట్ట మీద పూజారులు చేసేది ఎవరూ చూడరు, అది బయటివాళ్ళ కోసం కాదు. కొన్ని పాటలు ఫలానా సందర్భంలోనే పాడాలి, కొన్ని పేర్లు ఊరికే పలకరు. ఈ హద్దులు తెలిస్తే సగం పని అయినట్టే. నేను అడిగినప్పుడు ఒక అవ్వ చాలాసేపు ఊరుకుని, చివరికి అంది: "పన్ను కట్టనన్నదని రాసిన్రు సారూ. కట్టనన్నది కాదు, కట్టెతందుకు ఇంట్ల గింజ లేకుండె." ఈ ఒక్క మాటతో నా పాఠం మారిపోయింది.

రికార్డు చేయాలనుకుంటే అడిగి చేయండి, ఆ రికార్డు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టను, యూట్యూబ్‌లో ఎక్కించను అని చెప్పండి, ఒక కాపీ వాళ్ళ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా ఎక్కించి రండి. పెద్దమనిషిని బడికి పిలిస్తే ఆ రోజు కూలి పోతుంది, రానుపోను ఆటో ఖర్చు ఉంటుంది, అది మీరో బడో ఇవ్వాలి. శాలువా కప్పి పంపడం గౌరవమే కానీ శాలువాతో పొయ్యి వెలగదు. కుర్చీ మీ కుర్చీ పక్కనే వేయండి. కథ ముందు కోయలోనే చెప్పమనండి, మొత్తం అర్థం కాకపోయినా ఐదు నిమిషాలు పిల్లలు విననివ్వండి, ఆ తర్వాత తెలుగులో. ఆ ఐదు నిమిషాల్లో వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని కోయ పిల్ల పక్కపిల్లకు చెవిలో అర్థం చెప్పడం చూస్తారు, నేను చూశాను.

ఇలాంటి చదువున్న పెద్దవాళ్ళు తక్కువవుతున్నారు. మణుగూరు దగ్గర కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు, 2024లో పోయారు. గోండుల గుస్సాడీ నాట్యం ఆడే మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ, ఆయన కూడా 2024లోనే పోయారు. వచ్చే సంవత్సరం చూద్దాం అని వాయిదా వేయకండి.

క్లాసులో ఎలా నడపాలి

రెండు పీరియడ్లు చాలు. మొదటి పీరియడ్‌లో రాయి, రెండో పీరియడ్‌లో నోరు అని నేను పెట్టుకున్నాను.

రాయి అంటే రామప్ప. పాలంపేట గుడి దగ్గర శాసనం ఉంది, 1213 నాటిది, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించింది. గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని పిల్లలకు తెలుసు. శాసనం ఫొటో చూపించి మూడే ప్రశ్నలు అడగండి: దీన్ని ఎవరు చెక్కించారు? చెక్కించడానికి డబ్బు ఎక్కడిది? ఇందులో ఎవరి పేర్లు ఉంటాయి, ఎవరివి ఉండవు? మూడో ప్రశ్న దగ్గర ఆగండి, తొందరపెట్టకండి. రాళ్ళు మోసినవాళ్ళవి ఉండవు సార్ అని ఎవరో ఒకరు అంటారు. చెరువు తవ్వినవాళ్ళవి అని ఇంకొకరు. అడవిలోవాళ్ళవి అని ఎవరూ అనకపోతే మీరు అనకండి, రెండో పీరియడ్‌కు వదిలేయండి.

రెండో పీరియడ్‌లో కథ. రామప్పా మేడారమూ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయని మ్యాప్ మీద చూపించి మొదలుపెట్టండి. ఊళ్ళో విన్న కథను విన్నట్టే చెప్పండి, లేదా పెద్దమనిషే చెప్తారు. తర్వాత అవే మూడు ప్రశ్నలు మళ్ళీ అడగండి: ఈ కథ ఎవరు దాచారు, దేనిమీద దాచారు, ఇందులో ఎవరి పేర్లు ఉన్నాయి? డోలీల దగ్గర పడిగె అనే గుడ్డ ఉంటుంది, దాని మీద బొమ్మల్లో వంశకథ ఉంటుంది, దాన్ని చూస్తూ పాడతారు. శాసనం రాతి మీద, పడిగె గుడ్డ మీద. పిల్లలకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. (పడిగె పూజ వస్తువు, క్లాసులో నకలు చేయించొద్దు. మీ పిల్లలు పొడుగాటి చార్టు మీద బొమ్మలు వేసుకుంటే దానికి వేరే పేరు పెట్టుకోండి.)

ఇక్కడ ఒక జాగ్రత్త. కాకతీయులను విలన్లను చేసి వదిలేయకండి. చెరువులు తవ్వించింది నిజం, ఆ చెరువు నీళ్ళతో ఇవాళ్టికీ పొలాలు పండుతున్నాయి. ఆ రాజ్యం నడవడానికి కప్పం కావాలి, కరువులో ఆ కప్పం అడవి ఊళ్ళ మీద ఎలా పడిందన్నది సమ్మక్క కథ చెప్తుంది. రెండూ ఒకే క్లాసులో ఒకే బోర్డు మీద ఉండాలి. బోర్డుకు ఎడమవైపు రాజు దగ్గర నిలబడితే కనబడేది, కుడివైపు మేడారంలో నిలబడితే కనబడేది, పిల్లలే వచ్చి రాయాలి. ఆ తర్వాత ఒక సంగతి చెప్పండి. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ కాల్చి స్వాగతం చెప్తారు. 1996లో ఇది రాష్ట్ర పండుగ అయింది. రాజ్యానికి ఎదురు నిలబడిన ఆమెకు ఇవాళ ప్రభుత్వమే ఎందుకు వందనం చేస్తోందో ఒక పేజీ రాయమనండి. మా పిల్లలు రాసినవి నేను ఇప్పటికీ దాచుకున్నాను.

బొమ్మల దగ్గర ఇంకో మాట. సమ్మక్క బొమ్మ వేయమంటే పిల్లలు క్యాలెండర్‌లో చూసినట్టు పులి మీద కూర్చోబెట్టి కిరీటం పెడతారు. మేడారంలో గద్దెలే ఉంటాయి, విగ్రహం ఉండదు. తల్లి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది, గద్దె మీద వెదురు ఉంటుంది. ఒకసారి అందరూ కిరీటాలు వేస్తుంటే ఒక పిల్లవాడు ఖాళీ కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి కింద చిన్న డబ్బా వేసి ఇచ్చాడు. నేను మార్కులు తగ్గించబోయి ఆగాను. అది వెదురు, భరిణె. క్లాసులో కరెక్టుగా వేసింది వాడొక్కడే.

మన మాటలు సరిచేసుకోవాలి

పాఠం చెప్పేటప్పుడు మన నోటి నుంచి వచ్చే క్రియలు గమనించండి. "ఆదివాసీలు అడవుల్లో నివసించేవారు, వేటాడేవారు, ప్రకృతిని పూజించేవారు." అన్నీ భూతకాలమే, ఎదురుగా ఆ పిల్లలు కూర్చునే ఉంటారు. "నివసిస్తున్నారు" అనండి, కొందరు అడవి ఊళ్ళలో, కొందరు హనుమకొండలో ఉద్యోగాల్లో అని కూడా చెప్పండి. "వెనకబడిన", "అమాయకులైన", "అడవి మనుషులు" అనే మాటలు పూర్తిగా మానేయండి. కోయలూ గోండులూ తమను తాము కోయతూర్ అనుకుంటారు, ఆ మాట పిల్లలకు చెప్పండి. "కోయోడు" అని ఎవరైనా వెక్కిరిస్తే ఆ క్షణమే ఆపండి, తర్వాత మాట్లాడదాం అనుకోవద్దు.

వాళ్ళ భాషను యాస అనకండి. గోండిలో లెక్క ఇలా ఉంటుంది: "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్". బోర్డు మీద రాసి పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు రాయండి, క్లాసు మొత్తం గోల చేస్తుంది. మన నీరు, గోండిలో ఏర్, కోలామీలో ఈర్, ఒకే కుటుంబం మాటలు. మీ భాషకు లిపి లేదు అని అనేవాళ్ళకు గుంజాల సంగతి చెప్పండి. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపిలో పాత రాతప్రతులు దొరికాయి, ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది.

ఆకులు, రంగులు, నెమలీకలు

వేషాలు వేయించొద్దు. గుస్సాడీ సంగతే చూడండి, దీపావళి ముందు గోండుల దండారీ పండుగ రోజుల్లో నెమలీకల టోపీ పెట్టుకున్నవాళ్ళు దీక్షలో ఉంటారు, ఆ రోజుల్లో స్నానం కూడా చేయరు, ఊరూరా తిరిగి చివర్లో కొలబోడి అనే వేడుకతో ముగిస్తారు. ఆ టోపీకి పూజ ఉంది. రిపబ్లిక్ డే రోజు అట్టముక్కతో అలాంటిది చేసి ఎవరో ఒక పిల్లవాడి నెత్తిన పెడితే ఆ దీక్షలో ఉన్నవాళ్ళకు ఎలా ఉంటుంది? మీ బడిలో గోండు పిల్లలు తమ ఊరి పెద్దల అనుమతితో తమ ఆట ఆడతామంటే ఆడనివ్వండి, అదీ వాళ్ళు చెప్పిన పద్ధతిలో. మిగతావాళ్ళు కూర్చుని చూడటం నేర్చుకోవాలి.

సైన్సు, లెక్కల టీచర్లకు

ఇది సోషల్ వాళ్ళ గొడవ అనుకోకండి. ఇప్పపువ్వు రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలుతుంది, ఎందుకు రాత్రే విచ్చుతుంది, రాత్రి దాని దగ్గరికి ఎవరు వస్తారు (గబ్బిలాలు) అని అడిగితే పరాగసంపర్కం పాఠం అయిపోతుంది. తునికి, మొర్రి, ఇప్ప, కరక్కాయ, ఏ నెలలో ఏది వస్తుందో పిల్లలతో ఇంట్లో అడిగించి పన్నెండు గడుల పట్టిక వేయించండి, మనకు తెలియని పది పేర్లు వస్తాయి. లెక్కల్లో సోల, మానిక, అడ్డ, కుంచం. ఊరూరికీ కొలత మారుతుంది, పిల్లలే ఇంట్లో బియ్యంతో కొలిచి వచ్చి గ్రాముల్లోకి మార్చాలి.

టౌన్ బడి అయితే

హనుమకొండ, కాజీపేటలో మీ క్లాసులో ఒక్క కోయ పిల్ల కూడా లేకపోవచ్చు. అప్పుడు జాతర నుంచే మొదలుపెట్టండి. మీ ఇంట్లో ఎవరు మేడారం వెళ్ళారు, నిలువెత్తు బంగారం ఎవరి బరువుకు తూచారు, ఎందుకు మొక్కారు? బెల్లాన్ని బంగారం అంటాం అని వాళ్ళకు తెలుసు, ఆ గద్దెల దగ్గర పూజారులు ఎవరు అంటే చాలామందికి తెలియదు. కోయలు అని చెప్పండి. మన ఇంటి మొక్కు వాళ్ళ చేతుల మీదుగా తీరుతోందని తెలిశాక పిల్లలు వినే తీరే మారుతుంది. తర్వాత మేడారం దగ్గర ఆదివాసీ మ్యూజియానికి తీసుకెళ్ళండి, జాతర లేని సంవత్సరమైతే తీరిగ్గా చూడొచ్చు.

హెడ్మాస్టర్, తల్లిదండ్రులు, మార్కులు

సిలబస్ పూర్తి కాదు అంటారు. ఇది అదనపు పని కాదు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ప్రాజెక్టు పని ఎలాగూ చేయించాలి, దాన్నే ఇలా చేయిస్తున్నా అని చెప్పండి. మార్కులు కథ ఎంత బాగా చెప్పారో దానికి వేయకండి, ఎవరిని అడిగారు, ఏ ఊరు, ఏం అడిగారు, రెండు కథనాల్లో తేడా ఏం గమనించారు, వీటికి వేయండి. ఊరికి వెళ్ళలేని పిల్లలకు ఇంట్లో అమ్మమ్మను అడిగినా అదే మార్కు. పైవాళ్ళు అడిగితే, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఏ అధికరణ చెప్తోంది, వీలైన చోట మాతృభాషలోనే చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్తోంది అనండి. ఇది కొత్త పిచ్చి అనేవాళ్ళకు మార్లవాయి పేరు చెప్పండి. భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో అక్కడ గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు, గోండిలో వాచకాలు వచ్చాయి.

కొందరు తల్లిదండ్రులు, ఆదివాసీ తల్లిదండ్రులే, "మా పిల్లకు ఇంగ్లీషు చెప్పండి సారూ, ఇవి ఇంట్ల ఉన్నయి కదా" అంటారు. వాళ్ళ భయం నిజమైంది, వాదించకండి. ఇంగ్లీషు ఒక్క పీరియడ్ కూడా తగ్గదని మాటివ్వండి, తర్వాత ఆ పిల్ల రాసిన పేజీ వాళ్ళకు చదివి వినిపించండి.

చివరగా చార్టు ఊరికి పట్టుకెళ్ళండి

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. పిల్లలు చేసిన చార్టును గోడకు అంటించే ముందు, కథ చెప్పినవాళ్ళ ముందు పరచండి. తప్పులు చెప్పమనండి, ఎర్ర పెన్ను వాళ్ళ చేతికే ఇవ్వండి, రాయడం రాకపోతే పిల్లలు రాస్తారు. దిద్దిన చార్టును తిరగరాయించకుండా ఎర్ర గీతలతోనే బడిలో పెట్టండి, కింద చెప్పినవాళ్ళ పేరు, ఊరు, వాళ్ళు ఒప్పుకుంటేనే. మేం తీసుకెళ్ళిన రోజు ఆ అవ్వ చార్టు మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపింది, చదవడం రాదు, బొమ్మలు చూస్తూ వెళ్ళింది. వాగు దగ్గర ఆగి, "జంపన్న పడకముందు దీని పేరు సంపెంగ వాగు, గది రాయలే" అంది. నలుగురు పిల్లలు అక్కడే వాకిట్లో కింద కూర్చుని నీలం రంగు పక్కన ఎర్రగా ఆ పేరు రాశారు.